రాళ్లదిన్నె సర్వే నంబరు 118/2లోని నేల ప్రాణులను చీడల గడి నుండి తీసివేయించుట

నంద్యాల,
తేది: 7-7-2025, సోమవారం.

శ్రీయుత జిల్లా అధికారి గారి సముఖమునకు,

అర్జీదారు: పాలెపు జ్ఞానప్రకాశం, వయస్సు 66 సంవత్సరములు, రిటైర్డు రికార్డు అసిస్టెంటు, రాళ్లదిన్నె గ్రామం, ఆళ్లగడ్డ మండలం.

అయ్యా,

విషయం: మా గ్రామం సర్వే నంబరు 118/2, రెండు ఎకరముల నలభై సెంట్ల నల్లరేగడి నేలలో నివసించుచున్న వానపాములు, రోకలిబండలు, పేడపురుగులు వగైరా 214 ప్రాణులు చీడలుగా నమోదైనందున, వాటిపై రేపు అనగా 8-7-2025 మంగళవారం ఉదయం జరుగనున్న మందు పోతను నిలుపుదల చేయించుట గురించి.

సూచిక: నా సెల్‌ఫోనుకు వచ్చిన మెసేజి, తేది 1-7-2025, సాయంత్రం 4.10 గంటలు.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను నంద్యాలలోని ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరములు రికార్డు అసిస్టెంటుగా పనిచేసి రిటైరైనవాడను. అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, హాజరు పట్టీలు నా చేతి మీదుగా నడిచినవి. నా రాతలో ఎక్కడైనా కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం ఉంటుంది. కావున అర్జీ ఎట్లు వ్రాయవలెనో నాకు తెలియును. అయితే ఇంత తొందరలో అర్జీ రాయడం నాకు ఇదే మొదటిసారి. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చేతులు కలుపుకుంటుంటే నేను బయటికి వచ్చి, చర్చి అరుగు మీద కూర్చొని రాస్తున్నాను. తమకు అందేది సోమవారం గనుక తేది సోమవారానిది వేశాను. మధ్యమధ్య భాష దారి తప్పితే మన్నించగలరు.

1. సదరు భూమి పట్టాదారు నా భార్య ప్రసన్నకుమారి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు భూమిని కౌలుకిచ్చాం. కౌలుదారు మూటల ఎరువు తప్ప ఇంకొకటి వేసి ఎరుగడు. 2019లో రిటైరై మేము చేలో కాలు పెట్టేనాటికి పలుగు దించితే ఠంగుమనేది. వాన పడితే నీళ్లు రెండు రోజులు అట్లాగే నిలబడేవి, మూడో రోజు నెర్రెలు. ఆ సంవత్సరం నేను కూడా మూటలే వేశాను. అందులో దాచవలసినది ఏమీ లేదు.

2. పేడ ఎరువుకు మళ్లించినది నా భార్య. అయితే సేంద్రియ ఎరువు వేసినంత మాత్రాన నేలలో అంతా మంచే పుడుతుందని నేను తమకు చెప్పబోవడం లేదు. చెబితే అబద్ధమవుతుంది. 2020లో ఆమె ఊళ్లోని కొట్టాలన్నీ తిరిగి పచ్చిపేడ, సగం కుళ్లిన చొప్ప తెచ్చి చేలో పరిచింది. వేరుశనగ వేశాం. ఆ పచ్చిపేడకు వేరుపురుగు పుట్టింది. తెల్లగా, తల ఎర్రగా, వేలెడు పురుగు మొక్క కింద ముడుచుకొని పడుకొని వేర్లు తినేసేది. కుళ్లని చొప్పకు చెదలు పట్టాయి. పంట సగం పోయింది.

అప్పుడు నేను ఆళ్లగడ్డకు పోయి గుళికల మందు తెచ్చాను. ఆమె వద్దన్నది. నేను చల్లించాను. మరునాడు తెల్లవారి ఇద్దరం పోయి చూస్తే వేరుపురుగులు చచ్చాయి, నిజమే. వాటితో పాటు, ఉన్నాయని మాకే తెలియని వానపాములు వందలుగా పైకి వచ్చి మట్టి మీద పడి ఉన్నాయి. కొన్ని ఇంకా మెలి తిరుగుతున్నాయి. నా భార్య చాట తెచ్చి వాటిని ఎత్తింది. చాట నిండింది, రెండోసారి కూడా నిండింది. నేను గట్టు మీద నిలబడి చూశాను.

3. తర్వాత మూడేండ్లు ఆ చేలో పలుగుకు ఒక్క వానపాము తగలలేదు. మూడేండ్లు, అయ్యా. ఆ మూడేండ్లు ఆమె చేసిన పని ఇది. పేడను ఏడాది పాటు గుంతలో మాగబెట్టడం, రెండు నెలలకొకసారి తిరగవేయడం, చెయ్యి పెట్టి చూడడం. వేడి తగలకూడదు, వాసన రాకూడదు, చొప్ప పుల్ల కంటికి కనబడకూడదు. అట్లా అయిన తర్వాతే చేలోకి తోలేది. ఎండాకాలంలో శివయ్య అనే గొర్రెల కాపరిని బతిమాలి మంద కట్టించేది. అంటే మూడు నాలుగు వందల గొర్రెలు రాత్రిపూట మా చేలో పడుకుంటాయి, వాటి పెంట, ఉచ్చ నేలకు చేరుతుంది. ఒక్కో రాత్రి ఒక్కో మడిలో. తెల్లారి గొర్రెలు పోగానే ఆమె ఆ పెంటను మట్టితో కప్పేది, ఎండకు సారం పోకుండా. శివయ్యకు అన్నం ఆమే వండి తీసుకుపోయేది. ఆమెకు ఇప్పుడు అరవై రెండు. నడుముకు పట్టీ వేసుకుంటుంది.

నాలుగో ఏడు ఒక సాయంత్రం ఆమె గుప్పిట మూసుకొని ఇంటికి వచ్చింది. నా ముందు తెరిస్తే మట్టి, అందులో ఒక్క వానపాము. అది చూపించి మళ్లీ చేలో విడిచిపెట్టడానికి కిలోమీటరు నడిచిపోయింది. ఆ తర్వాత వాన నిలవడం మానేసింది. ఎంత పడినా నేల తాగేస్తున్నది. ఈ సంవత్సరం కొర్రలో కంది కలిపి వేశాం.

4. ఇక అసలు సంగతి. ఇందులో తప్పు ఎవరిదని తమరు అడుగుతారు. తప్పు నాది. విచారణలో తమకు శ్రమ లేకుండా ముందే చెబుతున్నాను.

గత మంగళవారం అనగా 1-7-2025 నాడు గ్రామ వ్యవసాయ సహాయకుడు వినయ్ చీడల లెక్కకు వచ్చాడు. మంచి మనిషి. ఆకులు తిప్పి చూశాడు, కాండం చీల్చి చూశాడు. ఏమీ లేదు. ఫోనులో సున్న నొక్కబోయాడు.

“ఏందప్పా అది?” అన్నాను.

“సున్నా సార్. చీడ లేదు కదా.”

“సున్న అంటే నా చేలో ఏమీ లేదనేనా?”

“చీడ లేదని సార్.”

అయ్యా, సున్న అనే అంకె నాకు మొదటి నుంచీ గిట్టదు. పాఠశాలలో సున్న ఉన్న తరగతిని ఎత్తివేస్తారు. సున్న ఉన్న పోస్టును రద్దు చేస్తారు. రికార్డులో ఎక్కితేనే దేనికైనా రక్షణ అని ముప్పై ఒక్క ఏండ్లు నమ్మినవాడిని. అప్పుడే ఆరుద్ర వాన పడి ఉంది, నేల మెత్తగా ఉంది. ‘ఇప్పుడు చూపిస్తా ఉండు’ అని పార తీసుకున్నాను. గజం పొడవు, గజం వెడల్పు, జానెడు లోతు మట్టి ఎత్తి తెల్లదుప్పటి మీద పోసి, ఇద్దరం మోకాళ్ల మీద కూర్చొని లెక్క పెట్టాం. వివరములు:

వానపాములు, పిల్లలతో కలిపి 61. రోకలిబండలు 19. జెర్రులు 2. పేడపురుగులు 14. సాలీళ్లు 9. ఆరుద్ర పురుగులు, ఎర్ర మఖ్‌మల్ వంటివి, 7. చీమలు ఉజ్జాయింపుగా 80. చెదలు 12. వేరుపురుగులు 3. పేరు తెలియనివి, కంటికి ఆనీ ఆనక ఎగిరే తెల్లటివి, 7. వెరసి 214.

పేరు లేని పిల్లవాడిని నేనెన్నడూ రిజిస్టరులో ఎక్కించినవాడిని కాను. ఆ ఏడింటి విషయంలో మాత్రం తప్పలేదు.

నా భార్య గట్టు మీద కందికి మట్టి ఎగదోస్తున్నది. తలెత్తకుండానే అన్నది: “ఫెబా నాయనా, ఉండాయని మనకు తెల్సు. వాళ్లకు చెప్పేదేముండాది?” ఫెబా మా కూతురు. నా భార్య నన్ను పేరు పెట్టి పిలవదు.

“రికార్డు ఉండాల” అన్నాను.

వినయ్ ఫోను నాకు చూపించాడు. “సార్, గడి ఒక్కటే ఉండాది. చీడ ఉధృతి అని. వానపాములకు గడి ల్యా.”

“ఉన్న గడిలోనే రాయప్పా.”

“వద్దు సార్. ఇరవై దాటితే ఎర్ర గుర్తు పడతాది.”

“పడితే పడనీ. పెద్దాఫీసరు ఎవరో ఒకరు చూసి, ఇదేందని అడుగుతారు. అప్పుడు చెబుదువు.”

నేను పెద్దవాడినని, సారునని, వాడు నా మాట తీసివేయలేక నొక్కాడు. 214. ఆ అంకె తెరపై చూసి నేను సంతోషించాను. ఆ సంతోషం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాల వరకు ఉంది.

5. మెసేజిలోని సారాంశం: మా సర్వే నంబరు మండలం మొత్తంలో అత్యధిక చీడ ఉధృతి గల పొలమని, పక్క పొలాలకు పాకే ప్రమాదం ఉన్నందున రైతు అంగీకారంతో నిమిత్తం లేకుండా 8వ తేది ఉదయం ట్యాంకు ట్రాక్టరుతో నేల తడిసేటట్లు మందు పోయబడునని, ఇది పూర్తిగా ఉచితమని. ఫలితం బాగుంటే పరిసర పొలములకు కూడా అమలు చేయబడునని.

వద్దు అని చెప్పడానికి అందులో అవకాశం ఇచ్చారు. కారణము ఎంచుకోమన్నారు. కారణములు మూడు: ఇంట్లో లేరు, వాన పడుతున్నది, దారి లేదు. అవి ప్రాణులు, చీడలు కావు అనే కారణం అందులో లేదు. ‘దారి లేదు’ అని నొక్కాను. పది నిమిషాల్లో మళ్లీ మెసేజి వచ్చింది, ఉపగ్రహ చిత్రము ప్రకారం దారి కలదని.

6. (ఈ అంశము కోపములో వ్రాసినందున కొట్టివేయడమైనది. — జ్ఞా.ప్ర.)

7. బుధవారం ఆళ్లగడ్డ వ్యవసాయ ఆఫీసుకు పోయాను. అక్కడి వారు ఒకసారి నొక్కిన అంకె తమ చేతిలో ఉండదని, నంద్యాల పొమ్మన్నారు. గురువారం నంద్యాల వచ్చాను. బస్సు దిగి ఆటో ఎక్కి ఆఫీసుకు పోతే, ఆ లెక్క తయారుచేసినది ఏదో ప్రైవేటు సంస్థ అని, దాని ఫోను నంబరు ఇచ్చారు. నంబరుకు చేస్తే, తెలుగుకు ఒకటి నొక్కమంటుంది. నొక్కితే పాట వస్తుంది. పాట అయిపోయి లైను పోతుంది. ఇరవై ఆరుసార్లు చేశాను. శుక్రవారం మళ్లీ ఆళ్లగడ్డ. శనివారం వినయ్ ఇంటికి పోయాను. వాడు పాపం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “నేనేం చేసేది సార్, మీరే గదా రాయమన్యారు” అన్నాడు. వాడన్నది నిజమే. ఐదు రోజుల్లో ఈ అరుగు మీద తప్ప నేను ఒక చోట పావుగంట కూర్చోలేదు. బస్సులో కూడా కూర్చోబుద్ధి కాక నిలబడుతున్నాను. కండక్టరు సీటుందయ్యా అంటాడు.

8. నా భార్య గురువారం నుంచి నాతో మాట్లాడడం లేదు. నులకమంచం ఒకటి మోయించుకొని పోయి చేలో వేసుకొని కూర్చున్నది. ఇంటికి రమ్మంటే రాదు. వాగుకు అవతల మారెమ్మ అని చెంచుల ఆడమనిషి ఉన్నది. ఆమె, భర్త రాముడు తేనెకు అడవికి పోతూనే ఎకరన్నర చేను చేసుకుంటారు. పేడ మాగబెట్టడం నా భార్య దగ్గరే నేర్చుకున్నారు, ఇది వాళ్లకు మొదటి సంవత్సరం. మారెమ్మే ఇప్పుడు నా భార్యకు తోడు కూర్చుంటున్నది. నిన్న నేను అన్నం క్యారియరు తీసుకుపోతే మారెమ్మ అందుకొని, “పెద్దాయనా, అక్క ఒకటి చెప్పమన్యాది” అన్నది. నా భార్య మూడు గజాల దూరంలోనే ఉన్నది. అయినా కబురే.

“ఏమి చెప్పమన్నది?”

“గుళికలు చల్లినాక మళ్లా పానం వచ్చేదానికి మూడేండ్లు పట్టె. ఇంకో మూడేండ్లు నా నడుంలో లేవు అని చెప్పమన్యాది.”

నేను క్యారియరు పెట్టి వెనక్కి వచ్చాను. అయ్యా, ఈ అర్జీలో ఎన్ని అంశములు ఉన్నా నా బాధ అంతా ఈ ఒక్కటే. ఆమె అన్నది లెక్క ప్రకారం సరిగ్గా ఉంది. మందు పోస్తే ఆ చేను మళ్లీ ప్రాణం పోసుకోవడం ఆమె చూడలేకపోవచ్చు. ఐదేండ్ల క్రితం ఒకసారి నేను చల్లించి చంపాను, ఇప్పుడు రాయించి చంపబోతున్నాను. రెండుసార్లూ ఆమె వద్దన్నది.

9. కాబట్టి నా కోరికలు:

(అ) రేపటి మందు పోతను తమ నోటిమాటతోనైనా సరే ఆపించగలరు. కాగితం తర్వాత పంపవచ్చును.

(ఆ) పైన చూపిన 214లో పంటకు నిజముగా హాని చేయగలవి చెదలు 12, వేరుపురుగులు 3, వెరసి పదిహేను మాత్రమే. హద్దు ఇరవై. కావున ఎర్ర గుర్తు చెల్లదు. ఆ పదిహేనింటిని కూడా మా చేలోని జెర్రులు, చీమలు, కాకులు చూసుకుంటున్నాయి. గత రెండేండ్లుగా వేరుపురుగు నష్టం ఒక్క సాలుకు కూడా లేదు.

(ఇ) ఫోనులో ఇంకొక గడి పెట్టించగలరు. దానికి ఏ పేరు పెట్టినా నాకు సమ్మతమే. నేలలో బతికేవి అని పెట్టినా చాలు. పేడ ఎరువు వేసిన చేలో ప్రాణులు పెరుగుతాయి, పెరగాలనే వేస్తాం. ఇప్పుడున్న లెక్క ప్రకారం ఏ నేల ఎంత బాగుపడితే అంత తొందరగా దాని మీదికి ట్రాక్టరు వస్తుంది. జిల్లాలో పేడ వేసుకునే ప్రతి చేనుకూ ఇదే గతి పడుతుంది.

(ఈ) వినయ్ మీద ఎటువంటి చర్యా తీసుకోరాదు. వాడు వద్దన్నాడు. నేనే రాయించాను.

ఇందులో ఏ మాటైనా తమకు నమ్మశక్యం కాకపోతే ఒక పార తీసుకొని స్వయముగా రాగలరు. అహోబిలం పోయే దారిలో ఎడమ పక్క, మంచం వేసిన చేను. ఎవరిని అడిగినా చెబుతారు. వాన నిలిచి రెండు రోజులే అయింది గనుక అవి ఇంకా పైపొరలోనే ఉన్నాయి. ఎండ ముదిరితే లోతుకు దిగిపోతాయి, అప్పుడు తవ్వితే ఏమీ లేవనిపిస్తుంది, మళ్లీ ఒక పొరపాటు జరుగుతుంది. కాబట్టి ఆలస్యం చేయకుండా చిత్తగించవలెనని, చిత్తగించి ఫైలులో పెట్టక కదిలి రావలెనని వేడుకుంటున్నాను.

తమ విధేయుడు,
పాలెపు జ్ఞానప్రకాశం

తాజాకలం: తమ కార్యాలయం వరండాలో నిలబడి, గోడకు కాగితం ఆనించి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకే.

ఈ ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి టోకెను తీసుకున్నాను, నంబరు 63. పది యాభైకి నా భార్య నుంచి ఫోను వచ్చింది. గురువారం తర్వాత ఆమె గొంతు వినడం ఇదే. ట్రాక్టరు ఒక రోజు ముందే వచ్చిందట. పక్క మండలంలో పని రద్దయితే ఇటు తోలారట. ఆమె మంచాన్ని దారికి అడ్డంగా లాగి కూర్చున్నది. డ్రైవరు దిగి వచ్చి, “లెయ్యమ్మా, మాకు పైనుంచి ఆర్డరు” అన్నాడు. ఆమె పార చేతికిచ్చి, “నువ్వే తవ్వి చూడప్పా. చూసినాక పోస్తానంటే లేస్తా” అన్నది.

అతను తవ్వాడు. డోన్ వైపు రైతుల ఇంటి మనిషేనట. మట్టి పెళ్లను చేతిలో విరిచి చూశాడట. తర్వాత, “అమ్మా, మా నాయన చేలో ఇట్ల ఉండె, నా చిన్నప్పుడు” అన్నాడట. పోయకుండా పోతే తన ఫోను ఒప్పుకోదని, పని పూర్తి అయినట్లు నొక్కాడు. పోసిన తర్వాత చీడ ఎంత అని ఫోను అడిగింది. సున్న నొక్కాడు. నిండు ట్యాంకుతో వెనక్కి తిప్పుకొని పోయాడు.

“మన చేను బతికిందిలే. ఇంటికి రా, ఫెబా నాయనా” అన్నది నా భార్య.

నేను క్యూలోంచి బయటికి వచ్చేశాను. నా టోకెను వెనకాల ఉన్న ఒక ముసలాయనకు ఇచ్చేశాను. బయట టీ తాగాను. ఐదు రోజుల తర్వాత కూర్చొని తాగాను. ఈ అర్జీని మడిచి, చించడానికి కూడా పట్టుకున్నాను. ఇది ఇస్తే సున్న అబద్ధమని తేలుతుంది, ట్రాక్టరు మళ్లీ వస్తుంది. ఇవ్వకపోతే మా చేను జోలికి ఇక ఎవరూ రారు. ముప్పై ఒక్క ఏండ్లలో ఒక్క తప్పుడు అంకె వేయని నాకు ఆ సున్న ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

పదకొండు ముప్పై ఐదుకు మెసేజి వచ్చింది. ‘మీ పొలంలో చీడ నూరు శాతం నివారణ జరిగినది. అభినందనలు. ఈ ఫలితమును బట్టి పరిసరములలోని 41 ఎకరములకు ఇదే మందు గురువారం నుండి పోయబడును.’ కింద పదిహేడు మంది రైతుల పేర్లు. మూడో పేరు మారెమ్మది.

చదివి నా భార్యకు ఫోను చేయడానికి నాకు ధైర్యం చాలలేదు. మారెమ్మ ఆమె పక్కనే ఉంటుంది కదా. టీ కొట్టు ముందు అటూ ఇటూ తిరిగాను. ఆళ్లగడ్డ బస్సు ఒకటి వచ్చింది, పోయింది. మనసులో మాట చెబుతున్నాను, ఆ బస్సు ఎక్కాలని ఒక కాలు వేశాను. ఆలోగా నా భార్యే ఫోను చేసింది. మారెమ్మ భర్త ఫోనుకు కూడా మెసేజి వచ్చింది, ఆ భార్యాభర్తలిద్దరూ వినయ్‌తో చదివించుకొని ఆమెకు చెప్పారు.

కాబట్టి అయ్యా, పై అర్జీని ఈ కింది మార్పులతో స్వీకరించగలరు. రేపటి మందు పోత అన్నచోట గురువారంది అని చదువుకోగలరు. 118/2 అన్నచోట నలభై ఒక్క ఎకరములు కలుపుకోగలరు. మా చేలో మందు పోయలేదు. సున్న అబద్ధం. 214 ఇంకా అక్కడే ఉన్నాయి, కావలసివస్తే మళ్లీ ఎర్ర గుర్తు పెట్టుకోండి, మళ్లీ మంచం వేస్తాం.

ఆ డ్రైవరు పేరు నాకు తెలుసు, రాయను. నేను ఒక వివరాన్ని తెలిసి రాయకపోవడం ఇదే మొదలు. ఎవరో ఒకరి పేరు కావాలంటే ఆ సున్న వేయించింది నేనే అని రాసుకోండి. ఆ సమయంలో నీవు నంద్యాలలో క్యూలో ఉన్నావు గదా అని తమరు అనవచ్చు. ఉన్నానని చూపడానికి నా దగ్గర టోకెను లేదు.

కొత్త టోకెను తీసుకున్నాను. 141. కౌంటరు మూడింటికి మూసేస్తారట, ఇప్పుడు నడుస్తున్నది 88. కొత్త కాగితం మీద శుభ్రంగా రాసే సమయం లేదు, అందుకే పాతదాని కిందనే ఇది.

నా భార్య రెండోసారి ఫోను చేసినప్పుడు రెండే ముక్కలు మాట్లాడింది. “ఇంటికి రావాకు. ఆడ్నే నిలబడు.”

నిలబడే ఉన్నాను.